పాలపిట్టకు ఎంత లెన్సు కావలెను?

తిరువూరు సమీపంలోని ఒక మామిడితోటల గ్రామం నుండి ఇటీవల మాకొక ఉత్తరం వచ్చినది. వ్రాసిన యువకుని వద్ద ఒక కెమెరా, దానితోపాటు వచ్చిన చిన్న లెన్సు ఉన్నవి. తోటగట్టున కరెంటు తీగమీద వాలిన పాలపిట్టను ఫొటో తీసినాడు. చిత్రంలో ఆకాశం ఉన్నది, తీగ ఉన్నది. పిట్ట ఉండవలసిన చోట సిరాచుక్క ఉన్నది. "600 మిల్లీమీటర్ల లెన్సు కొనమని స్నేహితులు చెబుతున్నారు. కాపు బాగుంటే నాన్నగారు కొంత ఇస్తామన్నారు, మిగిలినది అప్పు చేస్తాను. 300 లెన్సుతో సరిపెట్టుకోవచ్చునా?" అని అతని ప్రశ్న. ఇదే సందేహం మరికొన్ని ఇండ్లలోనూ ఉండునని తోచి, జవాబు ఈ ప్రసంగరూపంలో చెప్పదలచినాము.

ముందుగా ఈ అంకెల సంగతి. లెన్సుమీద వ్రాసిన మిల్లీమీటర్లు దాని నాభ్యంతరం. ఫోకల్ లెంగ్త్ అని వాడుక. వస్తువు ప్రతిబింబం కెమెరాలో ఎంత పెద్దదిగా పడుతుందో నిర్ణయించేది ఇదే. లెక్క చాలా సులభం. పాలపిట్ట పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. అది 20 మీటర్ల దూరాన ఉంటే, 300 లెన్సు దానిని నాలుగు మిల్లీమీటర్ల బొమ్మగా చేస్తుంది. సామాన్యంగా మనవారు కొనే ఏపీఎస్-సి రకం కెమెరాలో చిత్రం పడే పలక వెడల్పు సుమారు 23 మిల్లీమీటర్లు. అనగా పిట్ట ఆరోవంతు వెడల్పును ఆక్రమించుకుంటుంది. 600 లెన్సు పెడితే ఎనిమిది మిల్లీమీటర్లు, అనగా మూడోవంతు. మరి 300 లెన్సుతోనే పది మీటర్ల దూరానికి చేరుకుంటే? అప్పుడూ ఎనిమిది మిల్లీమీటర్లే! దూరం సగం చేసుకున్నవానికి లెన్సు రెట్టింపైనట్లే. ఈ ఒక్క లెక్క తెలిసినవాడు దుకాణంలో తొందరపడడు.

పూర్వం ఒక్కొక్క నాభ్యంతరానికి ఒక్కొక్క లెన్సు మోసుకొని తిరిగేవారు. 1959లో వోయిక్ట్‌లాండర్ సంస్థ జూమార్ అనే లెన్సును తెచ్చిన తరువాత ఒకే గొట్టంలో పలు నాభ్యంతరాలు మార్చుకునే సౌకర్యం ఫొటోగ్రాఫర్లకు దక్కినది. ఆ జూమార్ 36 నుండి 82 వరకే. నేడు 150 నుండి 600 వరకు పోయే జూములు వచ్చినవి. టామ్రాన్ 150-600, 2015లో వచ్చిన సిగ్మా 150-600 కాంటెంపరరీ ఆ కోవలోనివి. కొత్తవి సుమారు లక్ష రూపాయల మాట. తేలిక రకంలో నికాన్ 70-300, కానన్ 55-250, కానన్ వారి కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కోసం 2021లో వచ్చిన 100-400 చెప్పుకోదగినవి.

ధరలలో ఇంత తేడా ఎందుకు? పేరుప్రతిష్ఠల వలన కొంత నిజమే కాని, అసలు కారణం గాజు. లెన్సులో ప్రవేశించే కాంతి దాని ఎపర్చర్‌ను అనుసరించి ఉంటుంది. ఎఫ్ 6.3 అంటే నాభ్యంతరాన్ని 6.3తో భాగించగా వచ్చినంత వ్యాసంగల ద్వారమని అర్థం. 300కు అది 48 మిల్లీమీటర్లు, 600కు 95. అంత వెడల్పు గాజును లోపం లేకుండా సానపట్టడానికి ఖర్చు ఎక్కువ, బరువూ ఎక్కువ. సిగ్మా 150-600 రమారమి రెండు కిలోలు తూగుతుంది. కానన్ 55-250 నాలుగు వందల గ్రాములైనా లేదు. గంటసేపు గట్టుమీద నిలబడి పిట్టకోసం చేతులెత్తి చూచినవారికి ఈ తేడా ఏమిటో భుజాలు చెబుతవి.

ఎఫ్ పక్కన అంకె పెరిగినకొద్దీ కాంతి తగ్గుతుందని మరువరాదు. ఎఫ్ 4 తో పోలిస్తే ఎఫ్ 6.3 లో కాంతి రెండున్నర రెట్లు తక్కువ. ఎఫ్ 5.6 నుండి ఎఫ్ 8కి పోతే సరిగా సగం. లెన్సును రెట్టింపు చేస్తామని చెప్పి అమ్మే టెలీకన్వర్టర్ అనే చిన్న గొట్టం కాంతిని నాలుగోవంతుకు దింపుతుంది. చవక లెన్సులకు దానిని తగిలించి సుఖపడినవారిని మేము చూడలేదు. పొడవు లెన్సు చేతివణుకును కూడ పెద్దది చేసి చూపుతుంది. అందుచేత 300 లెన్సుకు సెకనులో 500వ వంతు, 600 లెన్సుకు 1000వ వంతు షట్టరు వేగం ఉంటే మేలు. వణుకును సర్దే ఏర్పాటు లెన్సులో ఉండవచ్చును. అది మన చేతిని నిలుపుతుందే కాని పిట్ట రెక్కను నిలపదు. ఎగిరే కొంగకు వెయ్యవ వంతో, రెండువేలవ వంతో కావలసినదే. తెల్లవారుజామున మామిడితోపు నీడలో అంత వేగానికి కాంతి ఎక్కడనుండి వస్తుంది?

ఇక మన ఎండల మాట. ఒక ఏప్రిల్ నెలలో మిత్రుని వద్ద 150-600 లెన్సు అడిగి తెచ్చుకొని తిరువూరు ప్రాంతానికే పోయినాము. పొద్దు పదిగంటలు దాటినది. మొక్కజొన్న కోసిన చేనుకు అవతల, వంద మీటర్ల దూరాన, నెమలి. పూర్తిగా 600కు త్రిప్పి నలభై చిత్రాలు తీసినాము. ఇంటికి వచ్చి చూస్తే ఒక్కదానిలోనూ నెమలి కన్ను కన్నుగా లేదు. నీటి అడుగున నిలిచినట్లున్నది. లెన్సు చెడినదని మిత్రునితో చెప్పి నొప్పించినాము కూడ. మరునాడు ఆరున్నరకు అదే చేను, అదే దూరం, అదే లెన్సు. మెడమీది ఈకలు విడివిడిగా కనిపించినవి. కాలిన నేల నుండి లేచే వేడిగాలి తెరలు చేసిన పని అది. ఎండమావిని పుట్టించేదీ అదే గాలి. దూరం పెరిగినకొద్దీ ఆ తెరలు అధికమవుతవి. లక్ష రూపాయల గాజు అయినా వానిని చీల్చలేదు. మన జిల్లాలలో ఫిబ్రవరి దాటితే, పొద్దెక్కిన తరువాత 600 లెన్సు చాలవరకు సంచిలో బరువే.

చలికాలంలో తీయదగిన చోటు మనకు దగ్గరలోనే ఉన్నది. విస్సన్నపేట, నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడల మీదుగా కైకలూరు చేరితే, ఆ పక్కనే కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షి కేంద్రం. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002లో రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలో చేరినది. ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గుంపులుగా గూళ్ళు కడతవి. గూడబాతు సుమారు 1.4 మీటర్ల పక్షి. 50 మీటర్ల దూరాన ఉన్నా 300 లెన్సులో ఎనిమిది మిల్లీమీటర్లకు మించి పడుతుంది. పది మీటర్ల దూరపు పాలపిట్ట బొమ్మ ఎంతో, ఇదీ అంతే. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో సైతం ఊరి చెరువులోని చెట్లమీదనే కొంగలు కాపురముంటవి. పెద్ద పక్షులు, ఊరివారికి అలవాటుపడిన పక్షులు. వీనికి 600 అవసరం లేదు. అడవిలో చిన్న పిట్టకోసం తిరిగేవానికి చేసిన సిఫారసును మనవారు కొల్లేటికి తెచ్చి అన్వయిస్తున్నారు.

దూరం సగం చేసుకొమ్మని ఇంతకుముందు మేమే అన్నాము. ఆ మాట గూళ్ళ దగ్గర చెల్లదు. మనిషి ముందుకు జరిగితే తల్లి లేచిపోతుంది. గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఎండపాలవుతవి. కాకి ఎక్కడనో కాచుకొనే ఉంటుంది. చిత్రం ఒకటి దక్కినా గూడు పోవచ్చును. గట్టుమీదనో, పడవలోనో పెట్టిన హద్దులోనే ఉండి, వచ్చినంత బొమ్మతో తృప్తిపడవలెను. తోటలోని పాలపిట్ట దగ్గరకూడ నడిచిపోవడం కంటె కూర్చొనడం మేలు. అది రోజూ వాలే స్తంభం ఏదో తెలుసుకొని, వెలుగు రాకముందే చెట్టు మొదట కూర్చొన్నవాని దగ్గరకు పిట్టే వస్తుంది. ఆగిన మోటారుకారు కిటికీ ఇంకా మంచి మాటు. మనిషిని చూచి బెదరే పిట్ట కారును అంతగా లెక్కచేయదు.

పొరుగున మద్రాసులో ఎం. కృష్ణన్ అనే ప్రకృతి పరిశీలకుడు ఉండేవారు. 1912లో పుట్టి 1996లో కన్నుమూసినారు. స్టేట్స్‌మన్ పత్రికలో 1950 నుండి చివరివరకు వన్యజీవులను గూర్చి వ్రాసినారు. ఏ భాగానికి ఆ భాగం తెచ్చి తాను స్వయంగా కూర్చుకొన్న కెమెరాకు "సూపర్ పాండరోసా" అని పరిహాసంగా పేరు పెట్టుకొన్నారు. నలుపు తెలుపులలో ఆయన తీసిన ఏనుగులను నేటికీ చెప్పుకుంటారు. ఆయన సామాను చూచి ఏ దుకాణదారూ మెచ్చుకొని ఉండడు.

పాత లెన్సు కొనదలచినవారికి ఒకటి రెండు మాటలు. మీ కెమెరాను వెంట తీసుకొనిపోండి. నికాన్‌వారి ఏఎఫ్-పి రకం లెన్సులు కొన్ని పాత నికాన్ కెమెరాలపై ఫోకస్ చేయవు. ఇంటికి వచ్చిన తరువాత తెలిసి ప్రయోజనం లేదు. లెన్సు వెనుకనుండి టార్చిలైటు వేసి ముందునుండి చూడండి. దూదిపోగుల వంటి చారలు కనిపిస్తే అది బూజు. ధూళి రెండు మూడు నలుసులున్నా భయం లేదు, బూజును మాత్రం ఎంత చవకైనా తీసుకొనవద్దు. పూర్తి జూములో గోడమీద పరచిన వార్తాపత్రికను ఫొటో తీసి, అంచులలో అక్షరాలు చదవండి. బూజు సంగతి మాకు అనుభవమే. ఒక వానాకాలమంతా మా లెన్సును తోలుసంచిలో చుట్టి బీరువాలో భద్రపరచినాము. తోలు తేమను మాకంటె భద్రంగా దాచినది! ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచుతున్నాము.

ఉత్తరం వ్రాసిన యువకునికి మా జవాబు ఇది. అప్పు చేయవద్దు. మీ కెమెరాకు సరిపడే 70-300 గాని, 55-250 గాని, చేతివణుకును సర్దే ఏర్పాటు ఉన్నదే, పాతదైనా సరే పరీక్షించి కొనండి. మిగిలిన డబ్బులో కొంత చలికాలంలో కైకలూరికి రెండు ప్రయాణాల ఖర్చులకు ఉంచుకొనండి. ఏడాది తరువాత మీ మంచి చిత్రాలన్నీ ముందు పెట్టుకొని, ఎన్నింటికి 300 చాలలేదో, ఎన్నింటికి వెలుగు చాలలేదో, ఎన్నింటికి ఓపిక చాలలేదో లెక్క వేయండి. మొదటిదే ఎక్కువైతే 150-600 మాట అప్పుడు ఆలోచించవచ్చును. దాని పాత సరుకు అప్పటికి మరికొంత చవకై ఉంటుంది. ఈలోపల ఆ తీగమీది పాలపిట్ట సరిగా పడినప్పుడు ప్రతి ఒకటి మాకు పంపవలెనని కోరుతున్నాము.