వలసపోయిన మనవారు – వస్తుప్రదర్శనశాల



మన నేతకులముయొక్క పూర్వవృత్తాంతము నీ వేదికపై ఏటేట వినుచున్నాము. దేశాంతరమేగిన మనవారి ప్రసంగము మాత్ర మరుదు. నేడు దానినే మనవిచేయ నెంచితిమి.

1876–78 సంవత్సరములలో ధాత కరువు కర్నూలు, కడప మండలములను పీడించెను. ధాన్యమునకే రూకలు చాలనివారు బట్టలు కొనరైరి, మగ్గములు నిలిచెను. సేద్యగాండ్రతోపాటు నేతగాండ్రును ఊళ్లు విడిచిరి. ఆ కాలమున చెన్నపట్టణపు రేవునుండి ఒడంబడిక కూలీల యోడలు మారిషసునకును, దక్షిణాఫ్రికాలోని నాటాలునకును పోవుచుండెను. 1834–1920 నడుమ మారిషసున దిగిన భారతీయులు దాదాపు 5,00,000. 1860–1911 నడుమ నాటాలు చేరినవారు సుమారు 1,52,000. వీరిలో తెలుగువారును కలరు.

నాటాలు పట్టికలలో ఒక్కొక్క కూలికి తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము వ్రాయబడెను. మనుమల కాలమునకు వీనిలో నిలిచిన దేది? కులము సడలెను; భాషయే బంధుత్వమయ్యెను. 1931లో అచ్చట ఆంధ్రమహాసభ వెలసెను. నాయుడు అను గౌరవపదము ఇంటిపేరయ్యెను. దానినిబట్టి కులమును నిర్ణయింపజాలము. మారిషసున ఉగాది సెలవుదినము. బడులలో తెలుగు నేర్పుదురు. ఇండ్లలో మాత్రము క్రియోలు భాషయే హెచ్చు. అయినను వారు తెలుగువారమనియే చెప్పుకొందురు.

పోర్టులూయీ నగరమున వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచవారసత్వస్థలముగా గుర్తింపబడెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థ వలసవారి పట్టికలను, ఛాయాపటములను కాపాడుచున్నది. వారెక్కిన మెట్లను ఆ దేశము చూపుచున్నది. వారు విడిచిన గడపను చూపవలసినవారము మనము. కడపలోని ప్రభుత్వ పురావస్తుశాల శిలావిగ్రహములకు పేరుగన్నది. కరువున పోయినవారికి విగ్రహములు లేవు. వారి గుర్తులు మన యటకలమీదనే యుండవలెను.

ఒక మగ్గము నిలిపి, కులనామము వ్రాసి, వీరిట్టివారని చూపుట చాలదు. తాత నాడె, తండ్రి ఒడంబడికపత్రము, మనుమని తెలుగు వాచకము ప్రక్కప్రక్కన నుంచినగాని మూడు తరముల మార్పు తెలియదు. రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండి కువైటునకు పోయి పరుల యిండ్లలో పనిచేసిన స్త్రీల యుత్తరములకును అందు చోటుండవలెను. అవియు రేపటి చరిత్రయే.

కులాచారము విడిచినవారికి కులచరిత్రలో తావేల యని కొంద రందురు. మగ్గము నిలిచిననాడు వారికి కూడుపెట్టలేకపోయిన మనము, కూటికై పోయినవారిని వెలివారనుట న్యాయముగాదు. వారు మారిరి, ఇచ్చట నున్న మనమును మారితిమి. నేడు మనలో మగ్గమెక్కనివా రెందరులేరు?

కావున ప్రతిశాఖాసంఘమును ఊరు విడిచినవారి పేర్లను వృద్ధులవలన విని వ్రాయింపవలెను. ఉత్తరములకు, పత్రములకు ప్రతులు తీయింపవలెను. పోషకులు వానిని భద్రపరచుటకు ఒక గది నొసగవలెను. వృద్ధులు గతించిన పిమ్మట ఈ పని సాధ్యముగాదు. వచ్చు మహాసభనాటికి ఒక్కొక్క గ్రామమునుండి ఒక్క పేరైనను చేరుగాక యని ప్రార్థించుచున్నాము.