మేఘంలో ఎవరి మాట?



విమానం మేఘంలోకి వెళ్లినప్పుడు కిటికీలోంచి ఎప్పుడైనా చూశారా? రెక్క కొన కూడా కానరాదు. పైలెట్‌కూ అంతే. అందుకే పెద్ద విమానాలలో టీకాస్ అనే పరికరం ఉంటుంది. మరో విమానం మరీ దగ్గరకు వస్తే ఒకరితో ఎక్కమని, రెండవవారితో దిగమని చెబుతుంది.

2001 జనవరి 31న జపాన్‌లో యాయిజు పట్టణ సమీపాన, ఆకాశంలో, ఒకే సంస్థకు చెందిన రెండు విమానాలు ఎదురుపడ్డాయి. రెండింటిలో కలిపి 677 మంది! కంట్రోలరు ఒక విమానాన్ని దిగమనబోయి పొరపాటున రెండవదాని నంబరు పలికారు. పరికరమేమో ఆ విమానాన్ని ఎక్కమంటోంది. కెప్టెన్ మనిషి మాట విని దిగాడు. అవతలి విమానం పరికరం చెప్పినట్టు దిగుతూనే ఉంది. చివరి క్షణాన కంటబడ్డాయి గనుక తప్పించుకోగలిగారు. దాదాపు వందమంది గాయపడ్డారు, ఒక్కరూ చనిపోలేదు.

ఆ కెప్టెన్‌ను నేను తప్పుపట్టలేను. రోజూ వినే గొంతు, అధికారమున్న గొంతు. నేనైనా అదే చేసేవాణ్ణేమో. కాని ఆ వేళ మధ్యలో మేఘం ఉండి ఉంటే?

2002 జూలై 1 రాత్రి జర్మనీలోని ఊబర్లింగెన్ మీద ఇలాగే రెండు మాటలు వినబడ్డాయి. 71 మంది మరణించారు. ఆ పిమ్మటే, పరికరం మాటే వినాలని అంతర్జాతీయ నియమాన్ని స్పష్టం చేశారు.

యెషయా 30వ అధ్యాయం తీయండి. కుడికో ఎడమకో తిరిగేవారికి శబ్దం వెనుకనుండి వినబడుతుంది. ముందునుండి కాదు, గమనించారా? మాట్లాడేవాడు కనబడడు.

అప్పు గురించో, బిడ్డ పెళ్లి గురించో ఈ రాత్రి మీ ఇంట రెండు మాటలు వినబడుతున్నాయేమో. తలలు వంచండి, ప్రార్థన చేసుకుందాం.