కట్నం ఎవరి పేరున ఉంది?

ఆడపిల్లకు ఆస్తిలో సమానవాటా అనగానే మండిపడేవాళ్ల గురించి నేనివాళ మాట్లాడను. ఇప్పటికే ఒప్పుకున్నవాళ్లకు నా ఉపన్యాసంతో పని లేదు. నా ధ్యాసంతా ‘న్యాయమే గానీ...’ అని ఆగిపోయే మనిషి మీద. తండ్రులు, అన్నదమ్ములు, చివరికి ఆడపడుచులు కూడా చాలామంది ఆ ‘గానీ’ దగ్గరే నిలబడి ఉన్నారు.

చట్టం తన వంతు చాలానే చేసింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కూతుర్ని వారసురాలిగా గుర్తించినా, ఉమ్మడి ఆస్తిలో కొడుక్కి పుట్టుకతో వచ్చే హక్కు ఆమెకు ఇవ్వలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 సవరణ ఆ హక్కు ఇచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. 2005లో అది దేశమంతటికీ, పెళ్లయినవాళ్లకూ వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా తండ్రి తన స్వార్జితాన్ని కొడుకులకే వీలునామా రాసేయవచ్చు. కూతురు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి హక్కు వదులుకుంటూ సంతకం పెట్టేయవచ్చు. ఈ రెండింటినీ ఏ సవరణా ఆపలేదు. అక్కడ పనిచేయాల్సింది మాటే.

మాట్లాడమంటే మనవాళ్లు సెక్షన్లు చదువుతారు. లేదా ‘నీది మగబుద్ధి’ అని ముద్ర వేస్తారు. ఆ ముద్ర పడిన మరుక్షణం, అంతదాకా ఊగిసలాడుతున్న మనిషి ఎదురుపక్షంలో చేరిపోతాడు. ఆయన్ని ఓడించడం మన పని కాదు. ఆయన ఇంటి లెక్క ఆయన చేతే వేయించాలి.

‘కట్నం ఇచ్చాం కదమ్మా, మళ్లీ వాటా ఏమిటి?’ అంటాడు. ‘ఆ డబ్బు ఇప్పుడు ఎవరి పేరున ఉంది బాబాయ్?’ అని అడిగి ఊరుకోండి. తొందరపడి జవాబు మీరే చెప్పకండి. కొంత అల్లుడి చెల్లెలి పెళ్లికి పోయి ఉంటుంది, కొంత అత్తారింటి అప్పులకు. కూతురి పేరున ఏముందో ఆయనే వెతుక్కుంటాడు. 1961 నుంచీ నేరమైన కట్నాన్ని వాటాగా లెక్కగట్టడం సంగతి సరే, కొడుకు ఇంజనీరింగుకు కట్టిన ఫీజు వాడి వాటాలో కోశారా అని కూడా అడగండి, నెమ్మదిగా.

ఆడపడుచు భయం వేరు. వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందని ఆమె బెంగ. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయవద్దు. పండక్కి పిలిచేవాళ్లు, ఆపదలో తలుపు తీసేవాళ్లు వాళ్లే కదా. అందుకే ప్రశ్న ఆమెను కాదు, అన్నను అడగాలి. పొలం పంచుకున్నాక అన్నదమ్ములు కొందరు తగువుపడ్డారు, కొందరు కలిసే ఉన్నారు. తగువొస్తుందని తమ్ముణ్ని వాటా వదులుకోమని ఎవరైనా అన్నారా? మరి చెల్లెల్నే ఎందుకు అంటున్నాం?

ఈ మాట కూతురు ఎత్తితే ఆశ అంటారు, అల్లుడు ఎత్తితే దురాశ అంటారు. కొడుకు ఎత్తితే తండ్రి వింటాడు. సభలో అక్కచెల్లెళ్లున్న కుర్రాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. వీలునామా రాయించక ముందే, ఇంట్లో అందరూ ఉన్న రోజున కూర్చుని అడగండి: ‘నాన్నా, దాని వాటా దాని పేరునే రాయిద్దాం.’