సైనికుడు గద్దె దిగిన రోజు: నైజీరియా, 1999

విద్యార్థులారా! సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్న సంఘటనలు మీరు చరిత్రలో చాలానే చదివి ఉంటారు. చేతిలో ఉన్న అధికారాన్ని ఒక సైనిక పాలకుడు చెప్పిన రోజుకే అప్పగించిన ఉదాహరణను ఇప్పుడు పరిశీలిద్దాం.

నైజీరియాలో 1993 జూన్ 12న జరిగిన అధ్యక్ష ఎన్నికల్లో మోషూద్ అబియోలా ఆధిక్యం సాధించారు. సైనిక పాలకుడు ఇబ్రహీం బాబాంగిడా ఆ ఎన్నికనే రద్దు చేశారు. అదే ఏడాది నవంబరులో జనరల్ సానీ అబాచా అధికారంలోకి వచ్చారు. 1994లో అబియోలాను నిర్బంధించారు. 1998 నాటికి గుర్తింపు ఉన్న ఐదు పార్టీలూ అబాచానే తమ అభ్యర్థిగా ప్రకటించాయి. పార్టీలున్నా ప్రజలకు ఎంపిక లేదన్నమాట!

1998 జూన్ 8న అబాచా హఠాత్తుగా మరణించారు. పగ్గాలు జనరల్ అబ్దుల్‌సలామీ అబూబకర్ చేతికి వచ్చాయి. నెల తిరగకుండానే అబియోలా నిర్బంధంలోనే కన్నుమూశారు. అల్లర్లు చెలరేగాయి. సైన్యం మాటను ప్రజలు ఎలా నమ్ముతారు?

అబూబకర్ రాజకీయ ఖైదీలను విడుదల చేశారు. పాత పార్టీలను రద్దు చేసి, కొత్త ఎన్నికల సంఘాన్ని నియమించారు. 1999 మే 29న అధికారం అప్పగిస్తామని ముందే ప్రకటించారు. ఎన్నికలు కింది నుంచి పైకి సాగాయి. డిసెంబరులో స్థానిక సంస్థలకు, జనవరిలో రాష్ట్రాలకు, ఫిబ్రవరిలో పార్లమెంటుకు, చివరగా ఫిబ్రవరి 27న అధ్యక్ష పదవికి. స్థానిక ఎన్నికల్లో తగిన ఆదరణ పొందిన మూడు పార్టీలే తరువాతి పోటీలో నిలిచాయి. ఒక్క ప్రాంతానికో తెగకో పరిమితమైన పార్టీలను నిరుత్సాహపరచడమే దీని ఉద్దేశం.

అధ్యక్షుడిగా ఒలుసెగున్ ఒబసాంజో గెలిచారు. ఆయన కూడా మాజీ జనరలే. 1979లో సైనిక పాలకుడిగా ఉండి పౌర ప్రభుత్వానికి అధికారం అప్పగించినవారు, అబాచా కాలంలో జైలు పాలైనవారు. ఓటింగులో అక్రమాలు జరిగాయని పరిశీలకులు ఎత్తిచూపారు. అయినా మే 29న అధికార మార్పిడి ఆగలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కొత్త రాజ్యాంగం ప్రజల పేరుతోనే మొదలవుతుంది. కాని దానిని అమలులోకి తెచ్చింది సైనిక ప్రభుత్వపు ఉత్తర్వు. మన రాజ్యాంగాన్ని రాజ్యాంగ సభ దాదాపు మూడేళ్లు చర్చించి రూపొందించిందని మీకు తెలుసు. ఆ తేడా వల్లనే రాజ్యాంగ సవరణ నైజీరియాలో నేటికీ వాదోపవాదాల అంశం.

1979 ప్రయోగం 1983 డిసెంబరు 31న సైనిక తిరుగుబాటుతో ముగిసింది. దాని ఫలితంగా పాలకుడైన ముహమ్మదు బుహారీయే, 2015లో పదవిలో ఉన్న అధ్యక్షుణ్ణి ఓట్లతో ఓడించి తిరిగి వచ్చారు. ఓడిన గుడ్‌లక్ జొనాథన్ ఫలితాన్ని అంగీకరించారు.

ఆలోచించండి: పాలకుడు గద్దె దిగిన రోజున ప్రజాస్వామ్యం మొదలవుతుందా, ఓడినవాడు ఓటమిని ఒప్పుకున్న రోజున స్థిరపడుతుందా?