వీరగాథా చిత్రములు – పాత్రధారుల ఎంపిక
(పంచాయతీ సభ్యులనుద్దేశించిన ప్రసంగ పాఠము)

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల పంచాయతీ సభ్యులారా!

గిరిజనుల తిరుగుబాటును చలనచిత్రముగా తీయునపుడు ఎవరికి ఏ పాత్ర నీయవలెనను విషయము మీతో ముచ్చటింపదలచితిమి. ఇది నిర్మాతల పని యని తోచవచ్చును. కాని తెరపై కనబడు అడవియు, జనమును పల్లెలవియే గదా!

1922 ఆగస్టులో మన్యపు గిరిజనులు అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడిచేసి తుపాకులు గైకొనిరి. పోడు సేద్యముపై అటవీ నిర్బంధములు, బాటపనులలో వెట్టి ఇందులకు ముఖ్య కారణములు. 1924 మే 7న రాజు వీరమరణమొందెను.

1974లో వెలువడిన చిత్రమున రాజు పాత్రను కృష్ణయు, రూథర్‌ఫర్డు పాత్రను జగ్గయ్యయు ధరించిరి. 2022 నాటి ఆర్.ఆర్.ఆర్. కల్పితగాథ, అందు రాంచరణ్ రాజుగను, జూనియర్ ఎన్.టి.ఆర్. కొమరం భీముగను నటించిరి. నాయకుల పేర్లు ఇంటింట తెలిసినవి, సంతోషమే. రాజు వెంట పోరాడిన గాము గంటందొర, మల్లుదొర సోదరుల పేర్లు ఎందరికి తెలియును? ఆ మల్లుదొరయే 1952లో విశాఖపట్టణము నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను.

కథానాయకుని ఎంపికలో మనకు పనిలేదు. తక్కిన పాత్రల విషయమున గ్రామమునకు మాట ఉండవలెను. చిత్రబృందము మీ ఊరికి వచ్చినచో గిరిజన పాత్రలకు గిరిజనులనే తీసికొనుమని కోరుడు. మాట, కట్టు, వాద్యము సరిగా ఉన్నవో లేవో కోయ పెద్దలచే చూపించుడు. కూలి ముందే నిర్ణయించి వ్రాయించుకొనుడు. నటించినవారి పేర్లు తెరపై వేయుమనుడు.

వెట్టిపై తిరుగబడినవారి కథను వెట్టిచాకిరితో తీయుట న్యాయము కాదు.