పాత ఈమెయిలు పెట్టె



సాంస్కృతికోత్సవంలో ఈమెయిలు గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మా ఇంటి తెలుగు ఉత్తరాలు అందులోనే ఉండిపోయాయి గనుక మాట్లాడక తప్పడం లేదు.

మేము 1998లో న్యూజెర్సీ వచ్చాము. సబీర్ భాటియా, జాక్ స్మిత్ గారలు హాట్‌మెయిల్‌ను 1996 జూలై 4న ప్రారంభించి అప్పటికి రెండేళ్ళు. ఉచితంగా ఉత్తరం పంపడమంటే వింతగానే ఉండేది. మేమూ ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) ఖాతా తెరిచాము. విజయవాడలో నాన్నగారు వారానికోసారి ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళి ఉత్తరం కొట్టేవారు. తెలుగు లిపి సౌకర్యం లేదు గదా! హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగువారు రూపొందించిన ఆర్.టి.ఎస్. పద్ధతిని, అనగా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిని, ఆయనకు కాగితం మీద రాసి పంపాము. దీర్ఘానికి పెద్దక్షరం కొట్టాలి. ఆయన తరచు మరచిపోయేవారు. అందుచేత మామయ్య ఎప్పుడూ "మమయ్య"గానే వచ్చేవాడు.

నాన్నగారు 2009లో పోయారు. ఉత్తరాలు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాము. పెట్టె తెరచి చూసి ఏళ్ళయింది.

కిందటేడు గుంటూరు నుంచి బాబాయి ఫోను: "ఏరా, మనీలాలో పర్సు పోయిందటగా? కోడలు క్షేమమేనా? డబ్బెలా పంపను?" మేము టెక్సస్‌లో మా వంటింట్లోనే ఉన్నాము! ఎవరో మా ఖాతాలో దూరి, తాళం మార్చి, బంధువులందరికీ ఉత్తరాలు వేశారు.

ఖాతా తిరిగి పొందాలంటే రహస్యపు అంకె పంపుతామన్నారు. అది వెళ్ళేది న్యూజెర్సీ నాటి ఫోనుకు. వదిలేసిన నంబరును 45 రోజులు దాటాక మరొకరికి ఇవ్వవచ్చునని ఈ దేశపు నిబంధన. మాది ఏనాడో ఎవరి చేతికో పోయింది. రెండవ దారి పాత ఉద్యోగపు ఈమెయిలు. ఉద్యోగంతోనే అదీ పోయింది. ఇక మిగిలింది ప్రశ్న: మీ మొదటి మాస్టారి పేరేమి? సుబ్బారావుగారు! తెలియకనా? కాని ఆనాడు ఇంగ్లీషులో కలిపి రాశామా, విడదీశామా? ఇంటిపేరు ముందు పెట్టామా, వెనకనా? నాలుగు రకాలుగా కొట్టేసరికి రేపు రమ్మంది. మరునాడూ అదే వరస.

ఇరాక్‌లో 2004లో మరణించిన జస్టిన్ ఎల్స్‌వర్త్ అనే సైనికుని ఈమెయిళ్ళను తండ్రి అడిగితే యాహూ కాదన్నది. 2005లో మిషిగన్ కోర్టు ఆజ్ఞాపించాక ఇచ్చింది. పోయినవారి సంగతి అడగడానికి ఆ తండ్రికి కోర్టయినా ఉన్నది. బతికున్న మాకు, మేమే మేమని చెప్పుకుందామంటే కిటికీ దగ్గర గుమాస్తా కూడా లేడు.

పిల్లలూ, ఈ రాత్రి మీ అమ్మమ్మ, తాతయ్యల ఖాతాలలో ఏ ఫోను నంబరు ఉన్నదో చూడండి. దాడి జరగకపోయినా, రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చునని గూగుల్ 2023లో ప్రకటించింది. మన తరువాత ఎవరికి అందాలో ముందే రాసిపెట్టే ఏర్పాటు మాత్రం అక్కడ 2013 నుంచీ ఉన్నది. చాలామంది ఆ వైపు చూడలేదు, మాతో సహా.

మా పెట్టె తెరుచుకోలేదు. అట్లాంటాలోని అక్కకు కూడా నాన్నగారు కొన్ని ప్రతులు పంపేవారు. అచ్చు తీసి ఫైలులో పెట్టుకున్నది, మొత్తం 23. మా అమ్మాయి వాటిని తెలుగు లిపిలోకి ఎత్తి రాస్తోంది. "మమయ్య"ను మాత్రం దిద్దవద్దన్నాము.