‘మనోడే’ అన్న మాట చాటున - ఒక మేయర్ కథ
(ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అవినీతి మీద మాట్లాడమన్నారు. అదేమంత కష్టమైన పని కాదు. పేర్లు చెప్పకుండా తిట్టుకుంటూ పోతే గంట గడిచిపోతుంది. అందుకే ఈ రోజు ఒక్క మనిషి ముచ్చటే చెప్తాను. అమెరికాలో డెట్రాయిట్ నగరానికి మేయర్‌గా చేసిన క్వామే కిల్‌పాట్రిక్ ముచ్చట. ఆయన మీద నేను చెప్పే నేరాలు కోర్టుల్లో తేలినవే.

ముందు ఆ ఊరు సంగతి. మన పిల్లలు డెట్రాయిట్‌ల ఉంటున్నామని చెప్తుంటారు. నిజానికి వాళ్లలో ఎక్కువమంది ఉండేది ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ లాంటి శివారు ఊర్లలో. అసలు డెట్రాయిట్ ‘ఎయిట్ మైల్’ అనే రోడ్డుకు ఇవతల ఉంటుంది. అటు పచ్చగడ్డి, ఇటు పాడుబడ్డ ఇండ్లు. 1950లో 18 లక్షల 50 వేల మంది ఉన్న కార్ల నగరం అది. ఫ్యాక్టరీలు తరలిపోయినయి, తెల్లవాళ్లు శివార్లకు పోయిండ్రు. 1967 అల్లర్లలో 43 మంది చచ్చిపోయిండ్రు. 2000 నాటికి జనాభా 9 లక్షల 51 వేలకు దిగింది. అందులో పదిమందిలో ఎనిమిది మంది నల్లజాతివాళ్లు. 1973లో కోల్‌మన్ యంగ్ మొదటి నల్లజాతి మేయర్‌గా గెలిచి ఇరవై ఏండ్లు పాలించాడు. మా ఊరు మేమే ఏలుకుంటామన్న పట్టుదల అక్కడ ఎంత లోతుగా ఉంటదో మీకు వేరే చెప్పనక్కర లేదు. ఆ పట్టుదల న్యాయమైనదే. దాన్ని ఒకడు ఎట్ల వాడుకున్నడో చూడండి.

కిల్‌పాట్రిక్ గాలికి వచ్చిన పోరగాడు కాదు. తల్లి కరొలిన్ రాష్ట్ర శాసనసభ్యురాలు. ఆమె అమెరికా కాంగ్రెస్‌కు పోతే, 1996లో ఆ ఖాళీ సీటులో కొడుకు గెలిచాడు. తండ్రి బెర్నార్డ్ కౌంటీ రాజకీయాల్లో చక్రం తిప్పినోడు. ఇట్లాంటి కుటుంబాలు మనకూ ఎరుకే. అయితే పిలగాడు చురుకైనోడు. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్, కొన్నాళ్లు బడిపంతులు, తర్వాత లా చదివాడు. మిషిగన్ శాసనసభలో తన పార్టీకి నాయకుడయ్యాడు. 2001 నవంబర్‌లో మేయర్‌గా గెలిచేనాటికి 31 ఏండ్లు. ఆ నగర చరిత్రలో అంత చిన్న వయసులో గెలిచినోళ్లు లేరు. ఆరడుగులు దాటిన మనిషి, చెవికి వజ్రపు పోగు, మైకు ముందు నిలబడితే చర్చిలో పాదిరి మాట్లాడినట్టుండేది. యువత ‘హిప్-హాప్ మేయర్’ అని మురిసిపోయింది. నేనైనా అక్కడుంటే ఆయనకే ఓటేసేవాణ్ణేమో.

పతనం మొదలైంది కోట్ల కుంభకోణంతో కాదు. ఒక పోలీసు అధికారి తన పని తాను చేసినందుకు మొదలైంది. ఉద్యోగ మిత్రులు ఇది జర శ్రద్ధగా వినాలె. గ్యారీ బ్రౌన్ అని డిప్యూటీ పోలీసు చీఫ్. పోలీసుల తప్పుల మీద విచారణ జరిపే విభాగం ఆయన కింద ఉండేది. మేయర్ అంగరక్షకుల వ్యవహారం బాగా లేదని హెరాల్డ్ నెల్‌త్రోప్ అనే పోలీసు ఫిర్యాదు చేస్తే, బ్రౌన్ దాన్ని కాగితం మీద పెట్టి విచారించబోయాడు. 2003 మే నెలలో ఆయన ఉద్యోగం ఊడింది. మా దఫ్తర్‌లో ఒక క్లర్కు ఉండేవాడు. బిల్లు మీద ఉన్నది ఉన్నట్టు రాసినందుకు మూడేండ్లలో నాలుగు బదిలీలు తిన్నడు. బ్రౌన్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆయన కండ్లల్ల మెదులుతడు.

బ్రౌన్, నెల్‌త్రోప్ కోర్టుకెక్కిండ్రు. 2007లో విచారణ జరిగింది. మేయర్, ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ క్రిస్టీన్ బీటీ సాక్షిబోనులో ప్రమాణం చేసి రెండు ముచ్చట్లు చెప్పిండ్రు: మా ఇద్దరి నడుమ ఏ సంబంధమూ లేదు, బ్రౌన్‌ను మేం తీసెయ్యలేదు. జ్యూరీ నమ్మలేదు. 65 లక్షల డాలర్లు కట్టమన్నది. అప్పీలుకు పోతామని మేయర్ గర్జించాడు. అంతలోనే గప్‌చుప్‌గా రాజీకి వచ్చి, మరో పోలీసు కేసునూ కలిపి 84 లక్షల డాలర్లు ఇస్తామన్నాడు. ఎందుకు? బీటీ పేజర్ నుంచి పోయిన సందేశాలు అవతలి వకీలు చేతిలో పడ్డాయి. అవి బయటపెట్టవద్దని రహస్య ఒప్పందం రాసుకున్నారు. సొమ్మేమో నగర ఖజానాది. నగర కౌన్సిల్ ఆ రహస్యం తెలియకుండానే చెయ్యెత్తి ఆమోదించింది.

2008 జనవరిలో ‘డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్’ పత్రిక ఆ సందేశాలను అచ్చేసింది. మొత్తం 14 వేల దాకా ఉన్నాయి. ప్రమాణం చేసి చెప్పిన రెండూ అబద్ధాలని తేలింది. రాజీ కాగితాలు చూపించమని ఆ పత్రిక సమాచార హక్కు చట్టం కింద కోర్టుకు పోయింది. మనకు 2005లో వచ్చిన చట్టం లాంటిదే అక్కడా ఉన్నది. మిషిగన్ సుప్రీంకోర్టు దాకా కొట్లాడి గెలిచింది. మరుసటేడు ఆ పత్రికకు పులిట్జర్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికొస్తున్నా. 2008 మార్చి 11న మేయర్ నగర ప్రజలనుద్దేశించి ప్రసంగించాడు. చివరికొచ్చేసరికి రాసుకొచ్చిన కాగితం వదిలేసి, ఇదంతా మీడియా చేస్తున్న మూకదాడి అన్నాడు. నల్లవాళ్లను చెట్లకు ఉరేసిన కాలాన్ని గుర్తుచేసే మాటది. తనను ఏ తిట్టు తిడుతున్నరో ఆ తిట్టును కూడా నోరారా పలికిండు. సభలోని జనం లేచి చప్పట్లు కొట్టిండ్రు. తాతలు పడ్డ నిజమైన బాధను తెచ్చి, తన అబద్ధపు సాక్ష్యం మీద దుప్పటిలెక్క కప్పుకున్నడన్నమాట. నాకు ఆయన లంచాల కన్నా ఇదే పెద్ద దొంగతనంగా కనపడుతుంది.

మరి ఆయనను నిలదీసిందెవరు? శివారు తెల్లవాళ్లు కాదు. బ్రౌన్ నల్లజాతి మనిషే. మార్చి 24న కేసు పెట్టిన ప్రాసిక్యూటర్ కిమ్ వర్తీ నల్లజాతి మహిళ, అంతా ఆమె జిల్లానే. అంతకు వారం ముందే రాజీనామా చెయ్యమని నగర కౌన్సిల్ 7-1 ఓట్లతో తీర్మానించింది. ఆగస్టులో బెయిలు షరతు తప్పి, చెప్పకుండా నది దాటి కెనడాలోని విండ్సర్‌కు పోయినందుకు కొలువులో ఉన్న మేయర్ జైల్లో పడుకున్నాడు. సెప్టెంబర్‌లో నేరం ఒప్పుకొని దిగిపోయాడు. నాలుగు నెలల శిక్ష, నగరానికి పది లక్షల డాలర్ల పరిహారం. బయటకొచ్చి, పరిహారం కట్టే స్తోమత లేదని ఆస్తులు దాచి, 2010లో మళ్లీ జైలుకు పోయాడు.

అప్పటిదాకా బయటపడింది సగమే. అసలు సొమ్ము నీళ్లల్లో ఉన్నది. డెట్రాయిట్ నీళ్ల శాఖ అప్పట్లో నగరానికే కాదు, శివార్లకూ నీళ్లిచ్చేది, మురుగు తీసేది. కాంట్రాక్టులు కోట్లల్లో. కాలుష్యం కేసులో ఆ శాఖ ఏండ్లుగా ఫెడరల్ జడ్జి పర్యవేక్షణలో ఉండేది. పనులు తొందరగా కావాలని 2002లో ఆ జడ్జి మేయర్ చేతికే ప్రత్యేక అధికారాలిచ్చాడు. కౌన్సిల్‌ను అడిగే పని లేకుండా పోయింది. ఇగ చూడండి. బాబీ ఫెర్గూసన్ అనే కాంట్రాక్టరు మేయర్‌కు దోస్తు. పెద్ద కంపెనీకి పని దక్కాలంటే ఫెర్గూసన్‌ను సబ్ కాంట్రాక్టరుగా పెట్టుకోవాలె. లేకపోతే ఫైలు కదలదు. స్థానికులకూ నల్లజాతి చిన్న కాంట్రాక్టర్లకూ వాటా రావాలన్న నినాదం మంచిదే. ఆ నినాదం కింద వాటా పోయింది ఒక్క ఇంటికి. అప్పటిదాకా పని చేస్తున్న స్థానిక చిన్న కాంట్రాక్టర్లను కూడా పక్కకు నెట్టిండ్రు.

పిల్లల కోసమని, ఓటర్ల చైతన్యం కోసమని పెట్టిన ‘కిల్‌పాట్రిక్ సివిక్ ఫండ్’ విరాళాల నుంచి గోల్ఫ్ ఖర్చులు, యోగా పాఠాల ఫీజులు పోయినయి. మేయర్ తన జీతం మీద 8 లక్షల 40 వేల డాలర్లు ఎక్కువ ఖర్చు పెట్టాడని ప్రాసిక్యూషన్ లెక్క చూపింది. 2013 మార్చి 11న, ఆ ప్రసంగానికి సరిగ్గా ఐదేండ్లకు, జ్యూరీ 24 నేరాలు రుజువైనాయన్నది. అక్టోబర్‌లో 28 ఏండ్ల శిక్ష పడ్డది. ఫెర్గూసన్‌కు 21 ఏండ్లు, పన్ను కేసులో తండ్రికి 15 నెలలు.

ఆ మార్చి తీర్పు వచ్చిన మూడు రోజులకే రాష్ట్ర గవర్నరు డెట్రాయిట్ మీద ఎమర్జెన్సీ మేనేజర్‌ను పెట్టాడు. ఎన్నికైన మేయర్, కౌన్సిల్ ఉండి కూడా లేనట్టే. మా ఊరు మేమే ఏలుకుంటామన్న చోట బయటివాడు వచ్చి కూర్చున్నడు. జులై 18న నగరం దివాళా పిటిషన్ వేసింది. అప్పులు దాదాపు 1,800 కోట్ల డాలర్లు. ఇదంతా ఒక్క కిల్‌పాట్రిక్ పుణ్యమే అంటే అబద్ధమైతది. యాభై ఏండ్ల క్షయం అది. కానీ 2005లో పెన్షన్ నిధి కోసమని తెచ్చిన 144 కోట్ల డాలర్ల అప్పు, దానికి కట్టిన వడ్డీ ఒప్పందాలు ఆయన హయాంలోవే. దివాళా పరిష్కారంలో రిటైరైన మామూలు ఉద్యోగుల పెన్షన్ నాలుగున్నర శాతం కోసిండ్రు. ఏటా పెరిగే కరువు భత్యం పూర్తిగా పోయింది. చెత్త ఎత్తినోళ్లు, బస్సు నడిపినోళ్లు. ఎర్ర లింకన్ నావిగేటర్ కారు ఎక్కింది వాళ్లు కాదు. ఆ కారు మేయర్ కుటుంబం కోసం పోలీసు పద్దు కింద అద్దెకు తీసుకున్నది.

2005లో ఇవన్నీ కొంత కొంత తెలిసినా జనం ఆయన్ను మళ్లీ గెలిపించారన్నది మరిచిపోవద్దు. నగరం క్రెడిట్ కార్డు మీద 33 నెలల్లో 2 లక్షల 10 వేల డాలర్లు గీకిండని పత్రికలు రాసినంక కూడా. ప్రాథమిక ఎన్నికలో వెనకబడి, నవంబర్‌లో గట్టెక్కిండు. తప్పు చేసిండు గాని మనోడే కదా అన్నరు. ఆ మాట నేనూ అన్న రోజులున్నయి, మీరూ అని ఉంటారు.

2021 జనవరి 20న, అధికారం దిగిపోయే రోజున ట్రంప్ మిగిలిన శిక్షను రద్దు చేశాడు. కిల్‌పాట్రిక్ ఇంటికొచ్చిండు. నీళ్ల శాఖకు కట్టాల్సిన 15 లక్షల డాలర్లు మాత్రం రద్దు కాలేదు.

ఇంకొక్క ముచ్చట చెప్పి దిగుతా. ఆ గ్యారీ బ్రౌన్ 2009లో కౌన్సిల్‌కు గెలిచాడు. తర్వాత కొత్త మేయర్ ఆయనను డైరెక్టర్‌గా వేసిండు. ఏ శాఖకో తెలుసా? నీళ్ల శాఖకే.